అక్షరమెరుగని కలములు

వ్రాయుటకై పుట్టిన వస్తువు ఒక్క అక్షరమైనను వ్రాయకయే కీర్తి నార్జింపగలదని నిరూపించిన ఘనత మన కాలమునకు దక్కినది. చేతిపనిచే సిద్ధమైన కలములకు నేడు సిరాతో నవసరము లేదు, కాగితముతో ప్రసక్తి లేదు. కావలసినదెల్ల కిటికీ నుండి వాలు ఏటవాలు వెలుతురు, తోలు అట్ట గల దినచర్య పుస్తకము, చెదరజల్లిన కాఫీగింజలు, వీని నడుమ శయనించిన కలమునకు తీసిన ఛాయాచిత్రము. కాఫీగింజకును కలమునకును గల బాంధవ్యమేమో ఏ శాస్త్రమును చెప్పియుండలేదు గాని, ఆ గింజలు తోడులేనిదే కొనువాడు కలమును కలముగా గుర్తింపడని ఈ విద్యలో నారితేరినవారి నిశ్చయము.

ఈ విద్య నగరములతో తృప్తినొందక అరణ్యములకును ప్రాకినది. ఒకవైపు ప్రత్తిచేలును మిరపతోటలును, మరియొకవైపు టేకును తునికియు గల మా జూలూరుపాడు వంటి తావులు ‘నేపథ్యము’నకు మిక్కిలి యనుకూలములట. కావున రాజమహేంద్రవరమున తరిమెన పట్టి చేసిన కలమొకటి గోదావరీతీరమును విడిచి అడవిదారి పట్టి వచ్చి, ఇచటి టేకాకుపై మేను వాల్చినను ఆశ్చర్యపడ నవసరము లేదు. వేసవిలో తునికాకు కల్లము కడ, ఏబదేసి ఆకుల కట్టలను లెక్కించి పుస్తకమున కెక్కించుకొను కల్లేదారు, తన బాల్‌పెన్ను మొరాయించిన వేళ దీనిని చూచి, “సారూ, జర ఇటియ్యండి, లెక్క రాసుకుంట” అని చేయి చాచెనేని, ఛాయాగ్రాహకుడు గుండెలు బాదుకొనును. సిరా పోసినచో పాళీకి మరక పట్టును. మరక పట్టిన పాళీ చిత్రమునకు పనికిరాదు. వ్రాసిన కలము చెడిన కలమను నవీన సిద్ధాంత మిట్లు వెలసినది.

ఈ కలములలో పెక్కింటికి మేనైన ఎబొనైటు సంగతి కొంత విచారింతము. రబ్బరును అధికముగా గంధకము చేర్చి కాచి గట్టిపరచు విధానమునకు 1851లో అమెరికాలో నెల్సన్ గుడ్‌ఇయర్ పేటెంటు పొందెను. చేతికి వెచ్చగా తగులుట, తేలికగా నుండుట, లేతు మీద చక్కగా కోతకు లోబడుట దీని సద్గుణములు. ఎండయు తేమయు దీని శత్రువులు. ఆ రెంటి పాలబడిన నల్లని ఎబొనైటు క్రమముగా నిగ్గు తరిగి గోధుమవన్నెకో పసరువన్నెకో తిరుగును. ఇది తెలిసిన మన కళాకారు లేమి చేయుదురనగా, తుంపరసీసాతో దానిపై నీరు చిలికి, ఆ నీటికి మంచుబిందువులని నామకరణ మొనర్చి, తమకు నచ్చిన మెరుపు దొరకువరకు దానిని ప్రొద్దుటి యెండలో పరుండబెట్టుదురు. అందమును లోకమునకు చాటుటకై అందమునే వ్యయపరచు ఈ త్యాగము అపూర్వము.

అసలు చోద్య మింకను ముందున్నది. కెమెరాను వస్తువునకు మిక్కిలి చేరువకు తెచ్చి, అపెర్చరును బాగుగా తెరచినచో, స్పష్టత కొలది మిల్లీమీటర్లకే పరిమితమగును. ఆ కొలది మిల్లీమీటర్లను వీరు పాళీకి ధారపోసి, మూతను, మేనిని, మరలను మసకకు విడిచిపెట్టుదురు. ఆ పాళీ ఎచటిది? నేడు మన దేశమున చేతితో చేయు కలములలో అనేకములకు అమర్చునవి జర్మనీ పాళీలు. హైడల్‌బర్గులోని బాక్ వారివో, బెర్లినులోని యోవో వారివో. అనగా ‘చేతితో చేసిన కలము’ అను శీర్షిక క్రింద కన్నులకు కట్టినట్లు కనబడునది కర్మాగారము చేసినది. పనివాని చేయి చేసినదెల్ల పొగవలె కరగిపోయినది. ఆ మసకలోను చావక మిగిలిన ఉలిగీత యేదేని యున్నచో దానిని కంప్యూటరున తుడిచివేయుదురు. చేతి జాడలను సమూలముగా చెరిపిన పిమ్మట, చేతిపని యని పేరుపెట్టి, ఆ పేరునకు వేరుగా ధర కట్టుదురు.

ఇట్టి విద్య లేని కాలమున కోసూరి వెంకటరత్నముగారు రాజమహేంద్రవరమున స్వదేశీ కలమునకై పాటుపడిరి. గ్రామపరిశ్రమల సంఘమునకు చెందిన కుమారప్ప ద్వారా తనకు చేరిన కలమును గూర్చి గాంధీజీ 1935 జూలైలో వారికి లేఖ వ్రాసెను. ఆయన దానిని వాడి చూచెను. చూచిన పిమ్మటనే బజారులోని విదేశీ కలములకు మారుగా నిలువదగినదని మెచ్చెను. అదే వ్యవహారము నేడు జరిగినచో, రాట్నము ప్రక్కన నొరగబెట్టిన కలము యొక్క చిత్రమే వార్ధాలోని గాంధీజీకి చేరియుండును. ఆ మహాత్ముడు మెప్పుదల వ్రాయుటకు మాత్రము మరియొక కలమును వెదకికొన వలసియుండెడిది.

అట్లని అందమును చూపరాదా యని కొంద రడుగవచ్చును. తప్పక చూపవలెను, అయితే ఎవరి అందమో తెలిసి చూపవలెను. నీడపట్టున, నాలుగు దిక్కుల నుండి సమముగా పడు వెలుతురులో, అపెర్చరును కుదించి, కొన నుండి కొన వరకు స్పష్టముగా తీసిన చిత్రమొకటి. మూత విప్పి మరల కోతను చూపు చిత్రమొకటి. పరిమాణము తెలియునట్లు వ్రేళ్ల నడుమ నిలిపినదొకటి. దాని సిరాతో వ్రాసిన నాలుగు పంక్తులు మరియొకటి. వీనికి కాఫీగింజలు గాని, మా టేకాకులు గాని అక్కరలేదు. ఇవి చూచినవానికి పనివాని నైపుణ్యము తెలియును, లోపమున్నచో లోపమును తెలియును. కొనువానికి కావలసిన దింతకంటె లేదు. ఈ నాలుగింటికిని వెనుదీయువారు, పాళీనే వలచి పాళీనే చిత్రించువారు, తమ వేడుకను నిరాటంకముగా సాగింపవచ్చును. కాని చిత్రము క్రింద మన పనివాని పేరును ముద్రింపక, న్యాయముగా హైడల్‌బర్గు యంత్రశాలకు కృతజ్ఞతలు తెలుపుకొనవలెను.