ఇదే ఊరంటే ఎట్లరా?

"మీ వాళ్ళది ఏ ఊరబ్బా?" అని అడిగితే "ఇదే ఊరు తాతా, కేజీఎఫ్" అంటారు ఇప్పటి పిల్లకాయలు. ఇదే ఊరంటే ఎట్లరా? కోలారు బంగారు గనుల్లో ఎవరి మూలమూ ఇది కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగినాక, గనులు దెబ్బతిన్న ఇంగ్లండు కార్న్‌వాల్ నుంచి దొరలు వచ్చినారు. ఆర్కాడు, సేలం నుంచి అరవ కూలోళ్ళు వచ్చినారు. పలమనేరు, పుంగనూరు, కుప్పం పక్కనుంచి మనవాళ్ళు వచ్చినారు. మా రోజుల్లో పిల్లోణ్ణి నిద్రలో లేపి అడిగినా, తన ముత్తాత ఏ పల్లెనుంచి, ఏ మేస్త్రీ వెంబడి, ఎవరి అప్పు ఎగ్గొట్టి వచ్చినాడో గడగడా అప్పజెప్పేవాడు.

మా ముత్తాత పలమనేరు పక్కనోడు. ధాత కరువులో గొడ్లు పోయినాయి, ఆ తర్వాత అప్పుకింద చేను పోయింది, చంకలో మూటతో ఇక్కడి ఛాంపియన్ రీఫ్ గని కాడ తేలినాడు. కంపెనీ ఇచ్చింది తట్టి ఇల్లు. తట్టి ఇల్లంటే తెలుసునా నీకు? వెదురు తడికె గోడ, దానిమీద మట్టిపూత, ఒకటే గది. పక్కింట్లో తాలింపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు. ఆ తడికెల సందుల్లోనుంచే కతలన్నీ మా చెవిన పడేవి. అవ్వ సంకటి గెలుకుతా, గోడవతల తమిళామెతో అరవంలో మాట్లాడతా, మధ్యలో మమ్మల్ని తెలుగులో కసిరేది. 1930లో కూలోళ్ళు వేలిముద్రలు వెయ్యాలని రూలు పెడితే, మేమేమన్నా దొంగలమా అని గనులన్నీ సమ్మె కట్టినాయి. ఆ సమ్మెలో మా తాత పొయ్యి వెలగని కత, మా ఇంట్లో పెళ్ళి ముచ్చట మాదిరి చెప్పుకునేవాళ్ళం.

ఇప్పుడో! శివసముద్రం నుంచి 1902లోనే మా గనులకు కరెంటు వచ్చింది, బెంగళూరు వీధులకన్నా ముందే అని చెప్తే, మనవడు ఫోనులో వెదికి "అవును తాతా, కరెక్టే" అంటాడు. నేను చెప్తే చాలదా? ఆ కరెంటొచ్చినా మా కూలోళ్ళ ఇళ్ళ లైన్లలో కిరసనాయిలు బుడ్డే. అది ఫోనులో ఉంటుందా?

అంతా బాగుండిందని నేనూ అనను. గని లోపల బండ పేలి రాక్‌బర్స్ట్ అయితే నేల అదిరి అటకమీది చట్లు గలగలమనేవి, ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి షాఫ్టు కాడికి పరిగెత్తేవాళ్ళు. రాతిదుమ్ముకు మా నాయన ఊపిరితిత్తులు పోయినాయి. అయినా ఎవరు దిగినారో, ఎవరు పైకి రాలేదో, లైనంతటికీ పేరుపేరునా తెలుసు. దొరల పేర్లు సమాధి రాళ్ళమీద చెక్కినారు. మనోళ్ళ పేర్లు నోట్లోనే బతకాల. నోళ్ళేమో ఒక్కొక్కటే మూతబడతా ఉండాయి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసినారు. అప్పటినుంచి మీరు తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోతారు, రాత్రికి వచ్చి పడుకుంటారు. పొట్టకూటికి పోవాల్సిందే, కాదనను, మా ముత్తాతా అందుకే వచ్చినాడు. ఆదివారం ఉంది గదా? గనుల కత తెలుసుకునేదానికి సినిమాకే పోవాల్నా? మీ అవ్వ దగ్గర కూర్చో. ఎవరి వెంబడి వచ్చినారు, మొదటి ఇల్లు ఏ లైన్లో, ఆ పల్లెలో ఇంకా ఎవరున్నారు, అడుగు. గట్టిగా అడుగు, ఆమెకు కుడిచెవి వినబడదు.