మైలేజీ క్షయ నిదానం

ఒక లీటరు పెట్రోలుతో బండి ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో చెప్పే అంకెను మైలేజీ అంటారు. నిర్వచనం ఇంత చిన్నదే అయినా, తెలుగునాట ఈ అంకె ఇంధనం లెక్కగా కంటే యజమాని తెలివితేటలకు కొలమానంగానే ఎక్కువ చలామణీలో ఉంది. పెళ్లి విందులోనో, అపార్టుమెంటు సెల్లారులోనో ఇద్దరు కార్లవాళ్లు ఎదురుపడితే, పాడి గేదెను కొన్నవాడిని ఊళ్లోవాళ్లు అడిగినట్టే, "ఎంతిస్తోందండీ?" అన్న ప్రశ్న ముందు వస్తుంది. దానికి జవాబుగా వచ్చే అంకె మాత్రం ఏనాడో విజయవాడ హైవే మీద, ఏసీ ఆపి, ఒంటరిగా వెళ్తుండగా ఒక్కసారి దక్కినదే తప్ప, బండి రోజూ ఇచ్చేది కాదు. అందుచేత మైలేజీ పడిపోయిందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ఈ శాస్త్రం ముందుగా తేల్చవలసిన సంగతి, అసలు ఎక్కడినుంచి పడిపోయిందన్నది.

ప్రతి కారుకూ మూడు మైలేజీలుంటాయి: కంపెనీ ప్రకటించినది, యజమాని చెప్పుకునేది, నిజంగా వచ్చేది. మొదటిది పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వంటి పరీక్షా కేంద్రాల్లో, బండిని రోలర్ల మీద నిలబెట్టి, 1180 సెకన్లపాటు, గంటకు 90 కిలోమీటర్లు మించకుండా, ఏసీ వేయకుండా నడిపి రాబట్టే అంకె. ఆ రోలర్ల మీద స్పీడు బ్రేకర్లుండవు, రాంగు రూటులో ఎదురొచ్చే ఆటోలుండవు, "కాస్త ఆ కొత్తిమీర బండి దగ్గర ఆపండి" అనే ఇల్లాలూ ఉండదు. రెండోది సాధారణంగా మొదటిదానికి దగ్గరగా ఉంటుంది, మర్యాదస్తుల సభలో అయితే దాన్ని మించిపోతుంది కూడా. మూడోదాన్ని కొలిచినవాళ్లు అరుదు కాబట్టి, అది పడిపోయిందన్న వార్త కూడా చాలామటుకు పుకారు స్థాయిలోనే ఉంటుంది.

ఈ నిదానానికి నమూనాగా మారుతి 800ను తీసుకోవడం సబబు. 1983 డిసెంబరులో మొదటి కొనుగోలుదారు చేతికి తాళాలు అందిన ఈ బండి, 796 సి.సి. సామర్థ్యమూ మూడు సిలిండర్లూ గల చిన్న ఇంజనుతో మధ్యతరగతి ఇంటిముందుకు కారును తెచ్చింది. మొదట్లో గాలినీ పెట్రోలునూ కార్బురేటరే కలిపేది. 2000 ప్రాంతంలో ఒక్కో సిలిండరుకు విడిగా పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ పద్ధతి, ఆ చిమ్మకాన్ని లెక్కగట్టే ఈసీఎం అనే కంప్యూటరు పెట్టె వచ్చాయి. కొత్త కాలుష్య ప్రమాణాల కారణంగా 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో దీని అమ్మకం ఆగింది, 2014 జనవరిలో తయారీయే ఆగింది. అయినా ఈ బళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, వాటికి సలహాలిచ్చేవారి సంఖ్య ఏటా పెరుగుతూనే ఉంది.

రోగం బయటపడే తీరే విచిత్రం. లీటర్ల లెక్కన పెట్రోలు పోయించుకునే అలవాటు మనవాళ్లకు తక్కువ. "ఐదు వందలకు కొట్టు" అన్నదే బంకులో చెల్లే భాష. 2010 జూన్‌లో పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగి, 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ధరను రోజూ సవరించే పద్ధతి వచ్చాక కూడా ఆ అలవాటు చెక్కుచెదరలేదు. దరిమిలా "వెయ్యి రూపాయలు కొట్టిస్తే వారం వచ్చేది, ఇప్పుడు ఐదు రోజులే వస్తోంది" అనే వాక్యం పుట్టింది. ఇందులో రూపాయలున్నాయి, రోజులున్నాయి. మైలేజీకి కావలసిన లీటర్లు, కిలోమీటర్లు మాత్రం లేవు. ధర పెరిగినా, మేనత్తగారి ఊరికి అదనంగా రెండుసార్లు వెళ్లినా, ఈ కొలత ప్రకారం ఇంజనే చెడిపోయినట్టు లెక్క.

కొలత లేనిచోట సలహా బలపడుతుంది. బావమరిది బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "బావా, నాలుగు ప్లగ్గులూ మార్పించెయ్, దెబ్బకి సెట్టయిపోద్ది" అంటాడు. మూడు సిలిండర్ల ఇంజనుకు నాలుగో ప్లగ్గు ఎక్కడ పెట్టాలో అడిగితే బంధుత్వం చెడుతుంది. పక్క ఫ్లాటులోని రిటైరైన పెద్దమనిషి, "తెల్లారుజామున కొట్టించండి, చల్లదనానికి పెట్రోలు చిక్కగా ఉంటుంది" అంటారు. మెకానిక్ బండి ఎక్కకుండానే, హారన్ శబ్దం విని, "ఇంజన్‌కి పని పడింది సార్" అని తేల్చి, ఆ వెంటనే "ఎందుకొచ్చిన ఖర్చు, అమ్మేయండి సార్, మావాడొకడు అడుగుతున్నాడు" అని చికిత్స కూడా సూచిస్తాడు. ఇంజను పూర్తిగా పోయిందని చెబుతున్న బండినే అతని మనిషి అంత ఆత్రంగా ఎందుకు అడుగుతున్నాడన్నది ఈ శాస్త్రంలో ఇంకా తెగని చిక్కు. సలహాదారులందరిలోనూ కనిపించే సామాన్య లక్షణం ఒకటుంది: ప్రతివారూ లోగడ తమ బండికి వచ్చిన జబ్బునే ఎదుటి బండిలోనూ చూస్తారు.

సరైన కొలతకు పరికరాలేవీ అక్కర్లేదు. ట్యాంకు నింపుతుండగా పెట్రోలు గొట్టం చివరికి తగిలిన క్షణాన నాజిల్ తనంతట తానే ఆగిపోతుంది. దీన్ని ఆటో కటాఫ్ అంటారు. అక్కడ ఆపించి, ట్రిప్ మీటరును సున్నా చేసి, కనీసం 300 కిలోమీటర్లు మామూలుగా తిరిగి, అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్లీ కటాఫ్ దాకా నింపించి, తిరిగిన దూరాన్ని ఈసారి పట్టిన లీటర్లతో భాగిస్తే నిజమైన మైలేజీ వస్తుంది. కటాఫ్ ఒకసారి ముందూ ఒకసారి వెనకా అయి అర లీటరు తేడా వచ్చిందనుకుంటే, 20 లీటర్ల మీద అది రెండున్నర శాతమే గాని, 5 లీటర్ల మీద ఏకంగా పది శాతం అవుతుంది. కొద్దిపాటి పెట్రోలుతో చేసే పరీక్షలు అందుకే మోసగిస్తాయి. ఈ పద్ధతికి ఏకైక శత్రువు బంకు కుర్రాడి రౌండ్ ఫిగర్ ప్రేమ. కటాఫ్ పడ్డాక కూడా, "సార్, రెండువేల వంద చేసేయనా?" అంటూ అతను నాజిల్‌ను మరో నాలుగుసార్లు నొక్కితే, శాస్త్రం అక్కడితో సరి.

కొలతలో తగ్గుదల నిజమని తేలితే, యజమాని అనుమానం మొదట బంకు మీదికే పోతుంది. ఐదు లీటర్ల ముద్రవేసిన కొలపాత్రతో పోయించి చూపమని అడిగే హక్కు ప్రతి వినియోగదారుడికీ ఉంది. ఆ పరీక్షలో అనుమతించే తేడా 25 మిల్లీలీటర్లు, అంటే అర శాతం. లీటరుకు 16 కిలోమీటర్లిచ్చే బండి 13కు పడిందనుకుంటే, 16లో అర శాతమంటే 80 మీటర్లే కాబట్టి, కొలత సరిగా ఉన్న బంకు 16ను 13 చేయలేదు. హక్కయితే అందరికీ ఉంది గాని, వెనక పది బళ్లు హారన్లు కొడుతుండగా దాన్ని వాడుకునే గుండెనిబ్బరం అందరికీ ఉండదు. ఇక తెల్లారుజాము సిద్ధాంతం విషయానికొస్తే, పెట్రోలు ఒక డిగ్రీ వేడికి 0.1 శాతం మేర వ్యాకోచించే మాట నిజమే అయినా, బంకువాళ్ల ట్యాంకు భూమిలో పాతి ఉండడంవల్ల పొద్దుటికీ మధ్యాహ్నానికీ దాని ఉష్ణోగ్రత మారేది స్వల్పం. పెద్దమనిషి పద్ధతిలో నికరంగా దక్కే లాభం ఉదయపు చల్లగాలి మాత్రమే.

అయితే పెట్రోలు మీద ఉన్న అనుమానంలో ఒక భాగానికి మాత్రం శాస్త్రం మద్దతుంది. 2023 ఫిబ్రవరి నుంచి దేశంలో అమ్మకానికి వచ్చిన ఈ20 పెట్రోలులో ఐదోవంతు ఇథనాల్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులే కావడంవల్ల, మిశ్రమం ఆ మేరకు పలచబడుతుంది. పాత తరహా ఇంధనం కోసం తయారైన కార్లలో ఈ నష్టం 6 నుంచి 7 శాతం ఉంటుందని 2021లో నీతి ఆయోగ్ ప్రచురించిన నివేదిక అంచనా వేసింది. అంటే 16లో ఒక కిలోమీటరు ఇథనాల్ ఖాతాలో వేయవచ్చు. మిగిలిన రెండింటినీ ప్రభుత్వం మీద వేయడం రాజకీయమే గాని రోగనిర్ణయం కాదు.

ఆ రెండింటికోసం వెతుకులాట ఖర్చు లేని చోట మొదలుకావాలి. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా నలిగి శక్తిని వేడిగా పోగొడుతుంది. నాలుగు టైర్లలో గాలి ఒత్తిడి సగటున ఒక్కో పి.ఎస్.ఐ. తగ్గినప్పుడల్లా మైలేజీ సుమారు 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. టైరును చెప్పుకాలితో ఒక్క తన్ను తన్ని "బానే ఉంది" అనడం మనదేశంలో గాలి పరీక్షగా చలామణీ అవుతున్నా, దానికి పి.ఎస్.ఐ.లు లేవు. తరువాతిది డిక్కీ. ఖాళీ బండి బరువే సుమారు 650 కిలోలైనచోట, ఐదుగురు పెద్దవాళ్లు ఎక్కితే అందులో సగం బరువు అదనంగా చేరుతుంది. దానిమీద స్టెప్నీ, జాకీ, చచ్చిపోయిన పాత బ్యాటరీ, "ఉంటే ఎప్పటికైనా పనికొస్తుంది" అని ఉంచిన రెండు ఇటుకలు, పోయిన సంక్రాంతికి అత్తారింటి నుంచి వచ్చి ఇంకా దిగని బియ్యం మూట ఉంటాయి. ఈ మూట ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా ఆగి, మళ్లీ కదలడానికి తన వాటా పెట్రోలు తాగుతూ ఊరంతా తిరుగుతుంది.

చాలామంది దాటవేసే అసలు నేరస్థలం చక్రాలు. వానాకాలంలో కొన్నాళ్లు కదలకుండా ఉన్న పాత బండిలో ముందు డిస్కు బ్రేకుల పిస్టన్లు, వెనక హ్యాండ్‌బ్రేకు కేబుళ్లు తుప్పుపట్టి బిగుసుకుపోతే, పెడల్ వదిలినా బ్రేకు పూర్తిగా వదలదు. పరీక్ష తేలిక: బ్రేకు పెద్దగా వాడకుండా పది కిలోమీటర్లు నడిపి, ఆపి, తాకకుండా అరచేతి వెనకవైపును ఒక్కో చక్రం మధ్యభాగానికి దగ్గరగా పెట్టి చూస్తే, మూడు గోరువెచ్చగా ఉండి నాలుగోది సెగ కొడుతుంది. అప్పుడు సమతలంలో మిగతా చక్రాలకు అడ్డుపెట్టి, ఆ చక్రాన్ని జాకీ మీద లేపి, గేరూ హ్యాండ్‌బ్రేకూ తీసి చేత్తో తిప్పితే, సాఫీగా తిరగవలసింది గర్రుమని రాసుకుంటూ సగం చుట్టులో నిలబడుతుంది. ఇలాంటి బండి యజమానే సాధారణంగా, "మా బండికి బ్రేకులు మహా పవర్‌ఫుల్ అండీ, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, ఆగిపోతుంది" అని నలుగురికీ గర్వంగా చెబుతూ ఉంటాడు.

ఇంజను లోపలి కారణాల్లో ప్రత్యేక అధ్యయనానికి అర్హమైనది థర్మోస్టాట్. ఇంజను వేడెక్కేదాకా నీటిని రేడియేటరులోకి పోనీయక అడ్డుకుని, 80 డిగ్రీలు దాటిన తర్వాత లోపలి మైనం కరిగి దారి వదిలే చిన్న కవాటమిది. "మన ఎండలకి ఇదెందుకు సార్, ఇది చలిదేశాలవాళ్లకి" అంటూ దీన్ని పీకి పక్కన పడేసే సంప్రదాయం మన షెడ్లలో ఎప్పటినుంచో ఉంది. దాని ఫలితంగా మే నెల రామగుండంలో తిరుగుతున్న ఇంజను కూడా నీళ్లు తగినంత వేడెక్కక, ఇంకా పొద్దుటి చలిలోనే ఉన్నాననుకుంటుంది. ఈసీఎం ఆ మాట నమ్మి అదనంగా పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఉష్ణోగ్రత సెన్సారు వైరు కొసన చిలుము పట్టినా జరిగేది ఇదే. చల్లగా ఉంటే నిరోధం ఎక్కువ, వేడెక్కితే తక్కువ చూపే పరికరం కనుక, చిలుము పెంచిన నిరోధాన్ని కంప్యూటరు చలిగానే అర్థం చేసుకుంటుంది. మీటరులో వేడి ముల్లు ఎంతసేపటికీ మామూలు చోటికి రాకపోవడం థర్మోస్టాట్ పీకేసిన బండికి గుర్తు. యజమాని మాత్రం "బండి ఎంత దూరం పోయినా కూల్‌గా ఉంటుంది" అని సంతోషిస్తాడు.

ఎయిర్ ఫిల్టరుకు ఉన్న అపకీర్తి మాత్రం పాత కాలపుది. ఫిల్టరు పూడుకుపోతే కార్బురేటరు బండిలో మైలేజీ కొంత తగ్గుతుంది గాని, ఇంజెక్షన్ బండిలో గాలి తగ్గినప్పుడు కంప్యూటరు పెట్రోలునూ తగ్గించడంవల్ల పోయేది ముఖ్యంగా పికప్పేనని అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో తేల్చింది. దానికంటే విలువైన ఆధారం యజమాని దగ్గరే, డ్యాష్‌బోర్డు అరలో, ట్రాఫిక్ పోలీసు అడిగినప్పుడు తప్ప వెలుగు చూడని పొల్యూషన్ సర్టిఫికెట్ రూపంలో ఉంటుంది. ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్లు గాలి కలవాలి; పెట్రోలు పాలు మించితే పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. భారత్ స్టేజ్ (బీఎస్) 2, 3 కాలుష్య ప్రమాణాల తరం పెట్రోలు కార్లకు దాని పరిమితి 0.5 శాతం. మెకానిక్కులు "రిచ్ కొడుతోంది" అని వాసన చూసి చెప్పే సంగతిని ఈ కాగితం అంకెల్లో చెబుతుంది, పొగగొట్టంలో గొట్టం పెట్టకుండానే ముద్ర వేసే పుణ్యాత్ముడి దగ్గర తీసుకున్నది కాకపోతే.

చికిత్సకు ముందు నష్టం విలువ కట్టడం వివేకం. నెలకు 500 కిలోమీటర్లు తిరిగే బండికి మైలేజీ 16 నుంచి 13కు పడితే అదనంగా అయ్యేది సుమారు 7 లీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కన నెలకు 770 రూపాయలు. మెకానిక్ చెప్పిన ఇంజన్ పనికి 25,000 రూపాయలైతే, అది తిరిగి రావడానికి రెండున్నరేళ్లు దాటుతుంది, అదీ పనివల్ల మైలేజీ పెరిగితే. ఇంకో సంగతి, అదే దూరానికి 9 నుంచి 8కి పడిన పెద్ద కారు కూడా దాదాపు 7 లీటర్లే అదనంగా తాగుతుంది. పెద్ద కారు ఆసామి "ఒక్కటేగా తగ్గింది" అనుకుని హాయిగా ఉంటే, చిన్న కారు ఆసామి అదే నష్టానికి నిద్ర మానుకుంటాడు.

ఇన్ని పరీక్షలు దాటిన తరువాత మిగిలేది యాక్సిలరేటర్ మీది పాదం. దాన్ని పరీక్షించే పరికరం ఏ షెడ్డులోనూ లేదు గనుక, తేదీ, కిలోమీటర్లు, లీటర్లు అనే గడులతో ఒక చిన్న నోటుపుస్తకం బండిలో ఉంచి, నాలుగో గడిలో ఆ ట్యాంకుతో బండి నడిపిందెవరో రాయడం నిపుణుల పద్ధతి. ఈ గడిని సాధారణంగా ఇంటి పెద్దే, కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న కొడుకు హాఫ్ క్లచ్ మీద నడుపుతున్నాడన్న అనుమానంతో ప్రారంభిస్తాడు. మూడు నాలుగు ట్యాంకులయ్యేసరికి, కొడుకు పేరున్న వరుసల్లో 15, తండ్రి పేరున్న వరుసల్లో 13 కనబడటం మొదలవుతుంది. ఆ వారంలోనే పుస్తకం కనిపించకుండా పోతుంది, ఆదివారం నాడు బండి నాలుగు ప్లగ్గులు మార్పించుకోవడానికి షెడ్డుకు బయలుదేరుతుంది.