దుబాయి విడిది పద్యము: టీకా తాత్పర్యములు

ఆ.వె.
దుడ్డు కంపెనీది, దుబయిలో నిల్లాయె
తాళ మేమొ తనది, తానె యతిథి
సెలవు గడుప నేగి చిరునవ్వు నవ్వెడు
వాని వెనుక పన్ను వచ్చు గాదె!

సందర్భము: హైదరాబాదులో ప్రైవేటు లిమిటెడు కంపెనీ గల ఒకానొక డైరెక్టరు, దుబాయిలో ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చి వచ్చిన పిదప, "కంపెనీ పేరు మీద రాయించాను, మంచిదే కదండీ?" అని అడుగగా, ఆడిటరు గారు కళ్ళజోడు తీసి ఆశువుగా చెప్పిన పద్యమిది.

టీక: దుడ్డు = కరెంటు ఖాతాలోని పైకము; కంపెనీది = డైరెక్టరుది కానిది; దుబయిలోన్ = "అక్కడ పన్నే లేదు సార్" అని బ్రోకరు చెప్పిన ఊరియందు; ఇల్లు + ఆయె = సముద్రము కొంచెముగా కనబడు ఫ్లాటు అమరెను; తాళము + ఏమొ = తాళపుచెవి చూడబోయిన; తనది = డైరెక్టరు జేబులోనిది; తానె + అతిథి = అద్దె ఇయ్యక దిగువాడును తానే; సెలవు గడుపన్ + ఏగి = డిసెంబరులో పిల్లాపాపలతో వెళ్ళి; చిరునవ్వు నవ్వెడువాని = బాల్కనీలో సెల్ఫీ దిగువాని; వెనుక, పన్ను, వచ్చున్ + కాదె = స్పష్టము.

తాత్పర్యము: దస్తావేజు ఎవరి పేర నున్నను, తాళము ఎవరి జేబులో నున్నదో చట్టము చూచునని భావము.

విశేషములు: 'కంపెనీది' – వాటాలు నూటికి నూరు తనవే అయినను, చట్టమునకు కంపెనీ వేరొక మనిషి. ఆ మనిషికి విహారము లేదు. 2022 నాటి విదేశీ పెట్టుబడుల నిబంధనల ప్రకారము, పరదేశమున ఆఫీసు గల భారతీయ సంస్థ అక్కడ స్థిరాస్తి కొనవచ్చునుగాని, వ్యాపారమునకో సిబ్బంది నివాసమునకో కొనవలెను. "మామగారిని సిబ్బందిలో చేర్చరాదా?" అని శంక. జీతపు స్లిప్పు చూపినచో ఆలోచింపవచ్చునని సమాధానము.

'తానె యతిథి' – పద్యమునకు ప్రాణమిచ్చటనే యున్నది. డైరెక్టరు కంపెనీ నుండి పొందిన లబ్ధి, నగదుగా మారునదైనను మారనిదైనను, అతని ఆదాయమే యని ఆదాయపు పన్ను చట్టము నిర్వచించినది. అతని బంధువు పొందినను అంతే. ఆ చట్టమున బంధువులనగా భార్య లేక భర్త, తోబుట్టువులు, పై తరములవారు, కింది తరములవారు. బావమరిది ఇందు లేడు! ఇది చూచి కొందరు పొంగిపోదురు. కాని బావమరిది ఒంటరిగా దుబాయి పోయిన దాఖలా లేదు. వెంట అక్క ఉండును, ఆమె జాబితాలో మొదటిది.

పోనీ, కంపెనీ వద్ద అప్పు తీసుకొని కొందునన్నచో? కొద్దిమంది చేతిలోని కంపెనీ, 10 శాతము వోటు గల వాటాదారునకు ఇచ్చిన అప్పు, పోగుపడిన లాభముల మేరకు డివిడెండే యగును. అప్పు తిరిగి కట్టితినన్నను వినువారుండరు.

'దుబయి' – బ్రోకరు మాట సగము నిజము. తన పేర ఇల్లు కొని అద్దెకిచ్చుకొను వ్యక్తికి అక్కడ పన్ను లేదు. కంపెనీ వేషము వేసినచో, 2023 జూను నుండి వచ్చిన కార్పొరేటు పన్ను పరిధిలో పడును. 3,75,000 దిర్హాములు దాటిన లాభముపై 9 శాతము. పన్ను తప్పించుకొన వేసిన వేషమే పన్నును పిలుచుట విషమాలంకారము.

పాఠాంతరము: 'దుడ్డు సొంత మాయె' అని కొన్ని ప్రతులలో కలదు. నా మతమున ఇదియే మేలు. అనగా రిజర్వు బ్యాంకు వారి విదేశీ చెల్లింపుల పథకము (ఎల్ఆర్ఎస్) కింద ఏటా తలకు 2,50,000 డాలర్ల లోపు సొంత డబ్బు పంపి, సొంత పేర కొనుట. ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల (ఎఫ్ఏ) షెడ్యూలు నింపవలెను. మరచినచో 2015 నాటి నల్లధనపు చట్టము కింద 10 లక్షల జరిమానా పడవచ్చును. చిన్న ఆస్తులకు 2024లో ఇచ్చిన సడలింపు స్థిరాస్తులకు లేదు. ఇక పంపిన పైకము ఏడాదిలో 10 లక్షలు దాటగానే, ఆ పైదానిపై బ్యాంకువారు 20 శాతము మూలమున వసూలు చేయు పన్ను (టీసీఎస్) పట్టి ఉంచెదరు. అది తరువాత రిటర్నులో సర్దుబాటగును. కావున ఈ పాఠమును గ్రహించువారు నాలుగవ పాదమున 'వెనుక' తీసివేసి 'వాని ముందె పన్ను' అని దిద్దుకొనవలెను. గణభంగము లేదు.