రాయిగారూ, మీదే ఊరు?

రాళ్లు ఏరుకునే అభిరుచి ఉన్నవాళ్లకు దొరికేది ఎప్పుడూ డైనోసార్ గుడ్డే. తాబేలు గుడ్డో మొసలి గుడ్డో దొరికిందని ఎవరైనా పరవశించిన దాఖలా లేదు. ఆ గుడ్డును మంచం మీద పెట్టి, ఫోన్‌తో ఫొటో తీసి, కాస్త చదువుకున్నట్టు కనిపించిన ప్రతివారికీ పంపుతారు. ఫొటోలో దుప్పటి మీది పువ్వులు రేకు రేకునా స్పష్టంగా ఉంటాయి, రాయి ఒక్కటే మసక. సైజు తెలియడానికి పక్కన రూపాయి బిళ్ల ఉండదు, పోనీ పెన్నయినా ఉండదు. ఎక్కడ దొరికిందండీ అని అడిగితే "బయట" అని జవాబు. నా పేచీ అంతా ఆ "బయట"తోనే. రాయిని గుర్తుపట్టేటప్పుడు మనం రూపానికి ఇవ్వాల్సినదానికన్నా ఎక్కువ విలువిస్తాం, ఊరిని అసలు పట్టించుకోం. రైల్లో ఎదుటి సీట్లో కూర్చున్న మనిషిని పేరుకన్నా ముందు "మీదే ఊరండీ" అని అడిగే జాతి మనది. ఊరు తెలిస్తే సగం మనిషి తెలిసినట్టే, తక్కిన సగం ఇంటిపేరుతో తేలిపోతుంది. రాయి దగ్గరికొచ్చేసరికి మాత్రం ముఖం చూసి మురిసిపోతాం.

హైదరాబాద్‌నే తీసుకోండి. ఆ ఊరు కూర్చున్న గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల కరిగి ఉన్న శిలాద్రవం చల్లారి గట్టిపడిన రాయి అది. అందులో గుడ్డు పెట్టాలంటే డైనోసార్‌కు నిప్పంటని ఒళ్లు ఒక్కటే చాలదు, తాను పుట్టడానికి 220 కోట్ల ఏళ్ల ముందే గుడ్డు పెట్టేంత ముందుచూపు కూడా కావాలి. మరి అంత గుండ్రంగా ఎలా ఉందంటారా? ఎండా వానా ఏ రాయినైనా మూలల దగ్గరే ముందు తింటాయి, మూలకు మూడు వైపుల నుంచీ దెబ్బ కాబట్టి. కనుక జూబ్లీహిల్స్‌లో పునాది తవ్వుతుంటే వచ్చిన గుండు గురించి రెండో ప్రశ్న అక్కర్లేదు. అదే గుండు ప్రాణహిత-గోదావరి లోయలో, యామన్‌పల్లి వైపు దొరికిందంటే మాత్రం తెచ్చినాయనకు కుర్చీ వేసి, టీ ఇచ్చి, మొత్తం వినాలి. కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు బయటపడింది ఆ దిక్కునే, ఆ అస్థిపంజరం ఇవాళ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబడి ఉంది. అక్కడైనా గుండ్రంగా ఉంటే సరిపోదు. గుడ్డన్నాక పెంకుండాలి. విరిగిన అంచులో అది లోపలి రాయితో కలవకుండా, మిల్లీమీటరో రెండో మందాన విడి పొరగా కనిపించాలి. 2020 అక్టోబరులో తమిళనాడులోని పెరంబలూరు జిల్లాలో డైనోసార్ గుడ్లు కుప్పలుగా బయటపడ్డాయని దేశమంతా ఫొటోలు తిరిగాయి. తీరా అవి అమ్మోనైట్లనే సముద్రజీవుల చుట్టూ మట్టి పేరుకుని గట్టిపడిన ఉండలని తేలింది. ఆ నేల ఒకప్పుడు సముద్రపు అడుగు. డైనోసార్ ఎంత బుద్ధితక్కువదైనా సముద్రం నడుమ గుడ్లు పొదగదు కదా. ఈ ముక్క ఊరిని అడిగితే ముందే చెప్పేది. సున్నపురాయి పలకల మధ్య కనిపించే నల్లటి ఫెర్న్ కొమ్మలదీ ఇదే కథ. పలకల సందుల్లోకి దిగిన నీళ్లు వదిలివెళ్లిన మాంగనీసు మరక అది, అందులో ఆకూ లేదు, మొక్కా లేదు. ఇక అయస్కాంతానికి అతుక్కుందని ఉల్కగా ప్రకటించే రాళ్లలో చాలా వాటి ఒంటినిండా బుడగల గుంటలుంటాయి. అవి ఆకాశం నుంచి రాలినవి కావు, పాత ఇనుప కొలుముల చిట్టెం.

రూపం కాకపోతే సామాన్యుడికి ఇంకేం ఆధారం, నిపుణుడు మాత్రం కళ్లతో కాక దేనితో చూస్తాడు అని మీరు నిలదీయవచ్చు. కళ్లతోనే చూస్తాడు, అందుకే అతనూ బోల్తా పడతాడు. 2021లో మధ్యప్రదేశ్‌లోని భీంబెట్కా గుహ గోడ మీద డికిన్సోనియా అనే సుమారు 55 కోట్ల ఏళ్ల నాటి ప్రాణి ముద్ర ఉందని పేరున్న శాస్త్రవేత్తలే పత్రికకెక్కించారు. తర్వాత మరో బృందం దగ్గరికి వెళ్లి చూస్తే అది ఎండి ఊడిపోతున్న తేనెపట్టు. గోడ నిజంగా పాతదే, పట్టు మాత్రం ఈమధ్యే అద్దెకు దిగింది. రాయిలో ఉన్నదెవరో, రాయి మీద ఉన్నదెవరో విచారించకపోతే ఎంత చదువూ కాపాడదు. ఇంకా ఘోరం ఊరి పేరే అబద్ధం చెప్పడం. చండీగఢ్ ఆచార్యుడొకరు హిమాలయాల్లో దొరికాయని రాసిన శిలాజాల్లో కొన్ని మొరాకో సరుకని 1989లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ బయటపెట్టారు. అవి నకిలీలు కావు, అచ్చమైన శిలాజాలే. అయినా చిరునామా దొంగది కావడంతో, వాటిని నమ్మి రాసిన హిమాలయ చరిత్ర అంతా అనుమానంలో పడింది. ఈ విషయంలో మన పూజారులే నయం. సాలగ్రామం కూడా అమ్మోనైట్ శిలాజమే. రాయిలో చక్రం ఎంత ముద్దుగా ఉన్నా సరే, గండకీ నదిదేనా అని వాళ్లు అడిగి తీరతారు.

ఇదంతా ఔత్సాహికులను ఎగతాళి చేయడమేనని కొందరు నొచ్చుకోవచ్చు. నా ఉద్దేశం అది కాదు. మన దేశంలో మొదటి డైనోసార్ ఎముకలు 1828లో జబల్‌పూర్ దగ్గర ఏరినవాడు భూగర్భ శాస్త్రవేత్త కాడు, తర్వాత థగ్గుల పనిపట్టిన సైనికాధికారి స్లీమన్. చిక్కల్లా ఏమిటంటే, అసలైన శిలాజాలు చాలావరకు అందంగా ఉండవు, అందుకని చేతికి రావు. కడప జిల్లా వేంపల్లె రాళ్లలో కనిపించే వంపు వంపుల చారలు సుమారు 190 కోట్ల ఏళ్ల కిందటి సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన కట్టడాలు. వాటిని దుప్పటి మీద పెట్టి ఫొటో తీసిన పుణ్యాత్ముడు లేడు. ఇక చూపుకు ఆనని ఎముక సంగతికొస్తే, అది ఎముకో రాయో తేల్చడానికి నాలుక ఆనించి చూడటం పాత పద్ధతి, ఎముకలో సన్నని రంధ్రాలుంటాయి కనుక నాలుకకు అతుక్కుంటుంది. ఆ గోదావరి లోయలోనే ఉన్న మాలేరి వైపు వెళ్లినవాళ్లు మాత్రం ఈ పరీక్షకు తొందరపడకండి. అక్కడి ఎర్రమట్టిలో ఎముకలతోపాటు శిలాజమైన పేడ కూడా దండిగా ఉంది.

ఒకాయన షోకేసులో గ్రానైట్ గుండును గుడ్డనుకుని సంతోషిస్తే ఎవరి సొమ్ము పోయిందంటారా? ఏమీ పోలేదు, సంతోషించనివ్వండి. ఊరూ పేరూ రాయని అసలు ఎముక అదే షోకేసులో చేరితేనే నష్టం. 1677లో ఇంగ్లండ్ పండితుడు రాబర్ట్ ప్లాట్ ఆక్స్‌ఫర్డ్‌షైర్ గనిలో దొరికిన పెద్ద ఎముక ముక్కను ముందు ఏనుగుదేమో అనుకుని, చివరికి రాక్షసాకారుడైన మనిషి తొడ ఎముక అని తన పుస్తకంలో రాశాడు. తీర్పు తప్పు. అయితే కొలతలిచ్చాడు, బొమ్మ వేయించాడు, కార్న్‌వెల్ గని అని ఊరు చెప్పాడు. ఎముక ఎప్పుడో పోయింది. అయినా ఆ పుటల ఆధారంగానే అది మెగలోసారస్ లాంటి మాంసాహారి డైనోసార్‌ది అని ఇవాళ చెప్పగలుగుతున్నారు. 1763లో రిచర్డ్ బ్రూక్స్ అదే ఎముక బొమ్మ వేయించి, దాని వాటం చూసి, కింద లాటిన్‌లో "మనిషి వృషణకోశం" అని అచ్చొత్తించాడు. డైనోసార్లకు మొదట పెట్టిన పేరు ఇదే కనుక శాస్త్ర నియమాల ప్రకారం ఇదే చెల్లాలని 20వ శతాబ్దంలో ఒకరిద్దరు పట్టుబట్టారు కూడా. వాళ్ల మాట నెగ్గలేదు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆదివారం పూట పిల్లలను మ్యూజియానికి తీసుకెళ్లి, బోర్డు మీద ఏం రాసుందో చదివి వినిపించమంటే నీళ్లు నమలాల్సి వచ్చేది.