మావాడికి ముక్కు కూడా ఉంది

నా దగ్గర రెండువందల పేజీల లాంగ్‌బుక్ ఒకటుంది. అట్ట మీద మావాడి పేరు, దాని కింద ఎర్ర స్కెచ్‌పెన్‌తో 'పరిశీలనలు' అని రాసి ఉంటుంది. పద్నాలుగో పేజీ నుంచి ముప్పై ఒకటో పేజీ దాకా అందులో ఒకటే విషయం: అరచేత్తో ముక్కును కిందనుంచి పైకి రుద్దుట. సోమవారం 38 సార్లు. మంగళవారం 43. బుధవారం 29, ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నాను, మా ఆవిడ లెక్కపెట్టనంది. పక్కన రిమార్కుల గడిలో 'స్టిమ్మింగ్, కొత్త రకం, గమనించాలి' అని నా దస్తూరీలోనే ఉంది. కింద సంతకం కూడా చేశాను, ఎవరడిగారో మరి.

మావాడికి ఎనిమిదేళ్ళు. ఆటిజం అని మూడో ఏట తెలిసింది. స్టిమ్మింగంటే ఈ పిల్లలు ఒకే కదలికని పదేపదే చెయ్యడం. ఆ రోజు నుంచి నేను చదవని వ్యాసం లేదు, చూడని వీడియో లేదు. వాడి మెదడు గురించి నన్ను కదిలిస్తే ఎదుటివాళ్ళు లేచి వెళ్ళిపోవాలే తప్ప నేను ఆపను. వాడు నుదురు తీసుకెళ్ళి ఫ్రిజ్‌కి ఆనిస్తే సెన్సరీ అన్నాను. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటే ఈ పిల్లలకి నిద్ర తక్కువేలే అన్నాను. బడిలో చిరాకు పడితే ట్రాన్సిషన్ అన్నాను, అంటే ఒక పని నుంచి ఇంకో పనికి మారడం; ఆ మాట పలకడం నాకు బాగుంటుంది. మా ఆవిడ మాత్రం మూడేళ్ళుగా ఒక్కటే అంటోంది: "వాడికి జలుబండీ." నేను జాలిగా నవ్వి ఇంకో వీడియో పెట్టుకునేవాణ్ణి.

చివరికి ఆవిడే అలర్జీ డాక్టరమ్మ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. లాంగ్‌బుక్కు చంకన పెట్టుకుని నేనూ బయల్దేరాను. మావాడు కుర్చీలో కూర్చోలేదు. బరువు చూసే మిషనెక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, అదే అంకె వస్తోందా లేదా అని చూసుకుంటున్నాడు. డాక్టరమ్మ వాణ్ణి పిలవలేదు, ముట్టుకోలేదు. అయిదారు సెకన్లు చూసి అడిగారు:

"సెల్యూట్ ఎప్పట్నుంచి కొడుతున్నాడండీ?"

"సెల్యూటా?"

"ముక్కు అలా పైకి రుద్దుకోవడాన్ని మేం అలర్జిక్ సెల్యూట్ అంటాం. చూడండి, రుద్దీ రుద్దీ ముక్కు మీద అడ్డగీత పడింది. కళ్ళ కింద నలుపు కూడా అదే."

"కాదండీ, అది స్టిమ్మింగ్. నా దగ్గర డేటా ఉంది" అని లాంగ్‌బుక్కు తెరిచాను. ఆవిడ పాపం పద్దెనిమిది పేజీలూ తిప్పారు. "బాగా లెక్కపెట్టారండీ, దురదని" అన్నారు. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. బయట చూడ్డానికి ట్రాన్స్‌ఫార్మర్ తప్ప ఏమీ లేదు.

మావాడికి మాటలు లేక కాదు. లిఫ్టులో ఎన్నో అంతస్తు దాకా బటన్లున్నాయో, ఏ ఫ్యాను ఎన్నో నంబరు మీద తిరుగుతోందో చెప్తాడు. కానీ 'దురద', 'గొంతులో గరగర', 'తల దిమ్ముగా ఉంది' లాంటి మాటలు వాడి సంచీలో లేవు. లోపల జరిగేదానికి పేరు పెట్టడం వాడికి కష్టం. పేరు లేని బాధ రాత్రి రెండింటికి లేచి కూర్చుంటుంది, లేదా ఫ్రిజ్‌కి నుదురు ఆనిస్తుంది. మూడేళ్ళపాటు ఆ పిల్లాడు చెయ్యెత్తి మరీ చెబుతుంటే నేను ఎదురుగా కూర్చుని గీతలు గీసుకున్నాను.

"ఒకటి చెప్తాను" అన్నారు డాక్టరమ్మ. "అలర్జీ తగ్గిస్తే ఆటిజం పోతుందని ఎవరైనా అంటే అక్కణ్ణించి లేచి వచ్చెయ్యండి. ముక్కుకి వైద్యం చేస్తే ముక్కు తగ్గుతుంది. ముక్కు తగ్గితే నిద్ర పడుతుంది. నిద్ర పడితే ఎవరికైనా చిరాకు తగ్గుతుంది, మీక్కూడా."

ఆ మాటతో నా బ్యాగు బరువెక్కింది. అందులో ఇంకో రిపోర్టుంది మరి. ఏడాది కిందట నేను ఒక నెల ఈఎంఐ అంత డబ్బు పోసి చేయించిన రక్తపరీక్ష, రెండువందల పైచిలుకు తిండి పదార్థాలకి. దాన్ని నమ్మి పిల్లాడికి నాలుగు నెలలు పెరుగు మాన్పించాను. రోజుకి రెండుపూటలా పెరుగన్నం తప్ప ఇంకోటి సరిగ్గా ముట్టని పిల్లాడికి! బయటికి తీయక తప్పలేదు. ఆవిడ చూసి, "ఇది ఐజీజీ యాంటీబాడీ పరీక్ష. వాడు ఏం తింటున్నాడో చెప్తుంది, ఏది పడదో చెప్పదు. అలర్జీ చూడాలంటే ఐజీఈ కావాలి" అన్నారు. అంటే రోజూ పెరుగన్నం తినే పిల్లాడు పెరుగన్నం తింటున్నాడని తెలుసుకోవడానికి నేను ఒక నెల ఈఎంఐ కట్టానన్నమాట. ఆ నాలుగు నెలలూ మా అత్తయ్యగారు నాతో ముక్తసరిగా ఎందుకు మాట్లాడారో ఇప్పుడర్థమైంది.

ఐజీఈకి రక్తం తీసైనా చూడొచ్చు, చర్మం మీదైనా చూడొచ్చు. రక్తమంటే నాకు గుర్తుంది: పోయినసారి ముగ్గురు పట్టుకోవాల్సి వచ్చింది, ఇద్దరు వాణ్ణి, ఒకరు నన్ను. అందుకని ప్రిక్ టెస్టన్నాం. మోచేతికీ మణికట్టుకీ మధ్య చుక్కలు పెట్టి ఒక్కో చుక్కలో చిన్న ముల్లుతో అలా తాకిస్తారు. పడనిది ఉంటే పదిహేను, ఇరవై నిమిషాల్లో దోమ కుట్టినట్టు పొంగుతుంది. ఒక్కటే షరతు, వారం ముందు నుంచీ సెట్రిజిన్ లాంటివి ఆపాలి. జలుబు సిరప్పులు కూడా వద్దు, వాటిలోనూ అదే జాతి మందు ఉంటుంది. వేసుకుంటే ఏ చుక్కా పొంగదు.

ఇంటికొచ్చి ఆ జాబితా నేనే పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించాను. వాడికి ముందే తెలియాలని బొమ్మలు గీశాను: ఆస్పత్రి, చెయ్యి, చుక్కలు, గడియారం, ఇల్లు. నేను గీసిన ఆస్పత్రిని వాడు 'రైల్వే స్టేషన్' అన్నాడు, అయినా సర్దుకున్నాడు. కాలెండర్‌లో రోజుకో గడి కొట్టేస్తూ వచ్చాడు. అయిదో రోజు రాత్రి తుమ్ములే తుమ్ములు. నేను నిద్రమత్తులో లేచి, వంటింట్లోకెళ్ళి, ఆ జాబితా అంటించిన ఫ్రిజ్ తలుపే తీసి, జలుబు సిరప్ అయిదు ఎంఎల్ కొలిచి, ప్రేమగా పట్టేశాను.

పొద్దున్న సింకులో మూత చూసింది మా ఆవిడ. అరవలేదు. అరిస్తే బాగుండేది. పరీక్ష మరో వారం వాయిదా పడింది. కాలెండర్‌లో గుండ్రం చుట్టిన తేదీ మారదని మావాడి సిద్ధాంతం. ఆ తేదీన ఉదయం తొమ్మిదింటికి బూట్లు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ రోజు మా ఇంట్లో ఏం జరిగిందో నేను రాయను. పక్క ఫ్లాటువాళ్ళు రాయగలరు.

రెండోసారి అనుకున్న రోజుకే వెళ్ళాం. బొమ్మల కార్డులు, హెడ్‌ఫోన్లు, రెండు పవర్‌బ్యాంకులు, మూడు రకాల బిస్కెట్లు కలిపి నాలుగు రోజుల తీర్థయాత్ర సామాను పట్టుకెళ్ళాను. వాడు సూదికి ఏడుస్తాడని కదా నా భయం. వాడు ఏడ్చింది టోకెన్‌కి. బోర్డు మీద 17 తరవాత 19 వచ్చింది. 18వ నంబరాయన టీ తాగడానికి వెళ్ళాడట. నేను మెట్లు దిగి, వీధి చివరి టీకొట్టు దాకా పరిగెత్తి, గ్లాసుతో సహా ఆయన్ని తీసుకొచ్చాను. బోర్డు మీద 18 పడింది. ఏడుపు ఆగింది. ఆ రోజంతటికీ నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

లోపల సిస్టరమ్మ వాడి ముంజేతుల మీద నీలం పెన్నుతో అంకెలు వేసింది, ఎడంచేతికి 1 నుంచి 6, కుడిచేతికి 7 నుంచి 12. వాడి మొహం చూడాలి. వాడి ఒంటిమీదే వరస! 1 ఉప్పునీళ్ళు, ఏమీ పొంగకూడదు. 2 హిస్టమిన్, పొంగి తీరాలి. మిగతా పదీ ముద్దాయిలు: ధూళి పురుగులు రెండు రకాలు, బొద్దింక, పిల్లి, కుక్క, బూజు రెండు రకాలు, గడ్డి పుప్పొడి, సర్కారు తుమ్మ, వయ్యారిభామ.

"ముందు నాన్నగారికి చేసి చూపిద్దామా?" అంది సిస్టరమ్మ. నేను వీరుడిలా చొక్కా చెయ్యి మడిచాను. ఈ విద్యకి ఆద్యుల్లో ఒకడైన చార్లెస్ బ్లాక్లీ అనే మాంచెస్టర్ డాక్టరు తన చర్మం మీదే గీరుకుని గడ్డి పుప్పొడి అద్దుకుని చూసి, 1873లో పుస్తకం రాశాడని రాత్రే చదివాను. ఆ సంగతి సిస్టరమ్మకి చెబుతుండగా ముల్లు తగిలింది. నేను "అమ్మా!" అన్నది బయట 22వ నంబరు దాకా వినిపించిందట. మావాడు నవ్వాడు. తన చెయ్యి తనే చాపాడు. పన్నెండు ముళ్ళకి పన్నెండు అంకెలు పైకే చదివాడు, అంతే.

ఇక్కడ ఇంకో పరువు తక్కువ. నాకు పెట్టింది ఉత్త ఉప్పునీళ్ళు. పది నిమిషాల్లో అది రూపాయి బిళ్ళంత పొంగింది. డాక్టరమ్మ వచ్చి, ఖాళీ ముల్లుతో పక్కనే ఒక గీత గీశారు. అదీ పొంగింది. "కొందరికి చర్మం ఇంతే, గీస్తే చాలు లేస్తుంది. మీకు ఈ టెస్టు పనికిరాదు. అబ్బాయి చర్మం మాత్రం చాలా బుద్ధిగా ఉంది" అన్నారు.

ఆ పదిహేను నిమిషాలూ వాడు గోక్కోకుండా కూర్చోవాలి. కూర్చున్నాడు, నా ఫోన్లో స్టాప్‌వాచ్ ముందు. ఎడంచెయ్యి ఎర్రబడుతోంది, వేళ్ళు బిగిస్తున్నాడు, కళ్ళు మాత్రం అంకెల మీదే. డాక్టరమ్మ నలభై సెకన్లు ఆలస్యంగా వచ్చారు. "పదిహేను అయిపోయింది" అన్నాడు నిష్ఠూరంగా. ఆవిడ వాడికే సారీ చెప్పారు, నాకు కాదు. ఆ ఒక్కదానికి ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది.

స్కేలు పెట్టి కొలిచారు. ఉప్పునీళ్ళు సున్నా. దానికన్నా మూడు మిల్లీమీటర్లు ఎక్కువ పొంగితే పడనట్టు లెక్క. నేను వయ్యారిభామ కోసం ఎదురుచూస్తున్నాను. మా వెనక ఖాళీ స్థలం నిండా ఆ తెల్లపూల మొక్కే. అమెరికా గోధుమలతో దిగిందని చెప్పుకునే ఆ కలుపు మీద నేను పెట్టిన అర్జీలు ఆరు, ఫొటోలతో సహా. తీర్పొచ్చింది: వయ్యారిభామ, సున్నా. సర్కారు తుమ్మ, సున్నా. బొద్దింక, నాలుగు. ధూళి పురుగులు, ఎనిమిది.

"ఇంట్లో బూరుగుదూది పరుపులున్నాయా? పాత పుస్తకాలు? పేపర్లు?"

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగని పక్కన కూర్చోబెట్టుకుని మా ఆవిడ ఎనిమిది మిల్లీమీటర్ల వైపు చూస్తోంది. వాడి మంచానికి పైనున్న అటక మీద నేను కాలేజీ రోజుల నుంచి దాచుకున్న వారపత్రికలు, మాసపత్రికలు ఉన్నాయి, దసరా, దీపావళి ప్రత్యేక సంచికలతో సహా. 'దుమ్ము' అని ఆవిడ అన్నప్పుడల్లా 'సాహిత్యం' అని నేననేవాణ్ణి. వాడి కింద పరిచిన పరుపు నా పెళ్ళినాటిది. ధూళి పురుగు కంటికి కనిపించదు, కుట్టదు. మన ఒంటినుంచి రాలిన పొట్టు తిని, చెమ్మలో హాయిగా బతుకుతుంది. ముక్కుకి పడనిది ముఖ్యంగా దాని రెట్ట. అంటే పధ్నాలుగేళ్ళ నా చర్మాన్ని పురుగులకి మేపి, దాని ఫలితం పిల్లాడి ముక్కు కింద పరిచాను.

పరుపు పోయింది. కొత్తదానికి జిప్పు గలీబు వేశాం. ముక్కులో కొట్టే స్ప్రే రాసిచ్చారు, బొద్దింకల మందు పెట్టించాం. చిక్కంతా బొంత దగ్గరొచ్చింది. మా అత్తయ్యగారు పాత చీరలతో కుట్టిన బొంత అది, దాని వాసన లేకుండా వాడు నిద్రపోడు. డాక్టరమ్మ పారెయ్యమనలేదు, వారానికోసారి 60 డిగ్రీల నీళ్ళలో ఉతకమన్నారు. మొదటిసారి ఉతికిన రాత్రి వాడు బొంతని వాసన చూసి, నా మొహం చూసి, తీసుకెళ్ళి మళ్ళీ మిషన్లో పడేశాడు, నా బొంత నాకివ్వండి అన్నట్టు. రెండు రాత్రులు ఎవరం పడుకోలేదు. దారి మా ఆవిడే కనిపెట్టింది. ఉతికి ఆరేసిన బొంతని పొద్దంతా తన భుజాన వేసుకుని వంట చేస్తుంది, పోపు వాసనతో సహా. ఇక ఆదివారం మిషన్ మీద 60 నొక్కేది వాడే. ముందు కూర్చుని నిమిషాలు లెక్కపెడతాడు. అది 14 నుంచి ఒక్కసారిగా 9కి దూకినప్పుడు మాత్రం మిషన్ తరఫున నేను క్షమాపణ చెప్పాలి.

ఇప్పుడు మూడో నెల. రాత్రి ఒకసారి లేస్తాడు, ఒక్కోసారి అదీ లేదు. ఆటిజం ఎక్కడిదక్కడే ఉంది, ఉంటుంది. 17 తరవాత 18 రావాల్సిందే. సెల్యూట్లు నిన్న 6. ఈసారి లెక్కపెట్టింది మా ఆవిడ, సంతకం పెట్టలేదు.

పోయిన ఆదివారం పాతపేపర్ల అబ్బాయి ఎలక్ట్రానిక్ కాటా తెచ్చాడు. నా సాహిత్యం మొత్తం 41.3 కిలోలు తూగింది. మావాడికి ఆ చుక్క, ఆ మూడు నచ్చలేదు. ఒక్కో పుస్తకం తీసి పక్కన పెట్టమన్నాడు, అంకె 40.0 అయ్యేదాకా. ఆ కిలో మూడువందల గ్రాములూ ఇప్పుడు జిప్పు కవర్లో వేసి నా ఆఫీసు సొరుగులో ఉన్నాయి.