మొద్దు పద్యానికి టీకాతాత్పర్యం

మూలం

మాను కొన్నవాడు మాటాడకే పోయె
మొద్దు మిగిలె నేలముక్క నిండ
గంట లెక్క మీద కదలివచ్చె జెసీబి
వేరు చెప్పు లెక్క వేరు సుమ్ము

అవతారిక

ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, ఏన్కూరు దాటి కొత్తగూడెం పోయే దారిలో జూలూరుపాడు తగులుతుంది. 2016 దాకా ఖమ్మం జిల్లా, ఆ తర్వాత భద్రాద్రి కొత్తగూడెం. ఈ వైపు పాత మామిడి తోట కొట్టించి పామాయిల్ పెట్టేవారున్నారు, జామాయిల్ తీయించి మళ్లీ పత్తికి దిగేవారున్నారు. పాత పంట పోయి కొత్త పంట రాని ఆ సంధికాలమే ఈ పద్యానికి సందర్భం. పద్యం అల్లినవాడూ టీక రాస్తున్నవాడూ ఒక్కడే గనుక కవిహృదయం విషయంలో తగాదా లేదు.

ప్రతిపదార్థం

మాను కొన్నవాడు = కట్టెల అడితి వ్యాపారి; మాటాడకే = మొద్దుల ఊసెత్తకుండానే; పోయె = లారీ ఎక్కి వెళ్లిపోయాడు; నేలముక్క నిండ = గట్టు నుంచి గట్టు దాకా; మొద్దు మిగిలె = జాతి ఏకవచనం, అసలు సంఖ్య ఎకరాకు నలభై; గంట లెక్క మీద = మీటరు తిరుగుతుండగా; జెసీబి = జేసీబీ; కదలివచ్చె = సులభం; వేరు = భూమిలో ఉన్నది; చెప్పు లెక్క = అది చూపించే ఖర్చు; వేరు = ముందు అనుకున్నది కాదు; సుమ్ము = పాదపూరణమని కొందరు, నిట్టూర్పు అని అనుభవజ్ఞులు.

పాఠాంతరం

'మాటాడియే పోయె' అని మరో పాఠం. దీని ప్రకారం వ్యాపారి మాట్లాడాడు. 'మొద్దులు కూడా నేనే తీయించి ఇస్తా' అన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. రెండు పాఠాలకూ ఫలితం ఒకటే కాబట్టి ఏది గ్రాహ్యమన్న చర్చ అనవసరం.

వ్యాఖ్య

శంక: మాను మీద అంత ఆశపడ్డవాడికి మొద్దు ఎందుకు చేదయింది?

సమాధానం: మామిడి మాను సెంట్రింగ్ చెక్కలకూ పెట్టెలకూ పోతుంది. మొద్దు దగ్గర కలప నార మెలి తిరిగి ఉంటుంది, వేళ్ల సందుల్లో మట్టీ రాళ్లూ ఇరుక్కుని ఉంటాయి. సామిల్లువాడు రంపం పళ్లు పోగొట్టుకోవడానికి ఒప్పుకోడు. అదే చింత మొద్దయితే మాంసం కొట్టువాడు చెట్టు కూలకముందే వచ్చి బేరమాడేవాడు. కత్తి దెబ్బకు పొట్టు రాలని గుణం చింతది, మామిడికి ఆ యోగం లేదు.

జామాయిల్ మొద్దు సంగతి తలకిందులు. సారపాక కాగితం మిల్లుకు కర్ర తోలిన తర్వాత ఆ మొద్దే రైతుకు రెండో పంట. నేలకు దగ్గరగా, ఏటవాలుగా, బెరడు చీలకుండా కోస్తే గుత్తులుగా చిగుళ్లు వస్తాయి. వాటిలో ఒకటో రెండో బలమైనవి ఉంచి మిగతావి తీసేస్తే మళ్లీ నాటే పని లేదు. ఆ రైతే నాలుగేళ్ల తర్వాత పత్తి మీదికి మనసు మళ్లించుకున్నాడా, అదే చిగురు పగవాడవుతుంది.

మామిడి మొద్దు చిగురిస్తే మాత్రం మురిసిపోకూడదు. అంటు కట్టిన చోటుకు దిగువ నుంచి వచ్చిన చిగురు బంగినపల్లి కాదు, నాటుది. అది కాయాలని చూస్తూ కూర్చుంటే ఊరగాయ మిగులుతుంది. దాని మీద మంచి రకం కొమ్మ తెచ్చి అంటు కట్టించుకోవచ్చు. అసలు ముసలి తోటను మొదలంటా నరకకుండా కొమ్మలు మోడుచేసి, కొత్త చిగుళ్లను పలచన చేసి రెండు మూడేళ్లు ఓపిక పడితే మళ్లీ కాపు పట్టే మార్గం ఉంది. లారీ వెళ్లిపోయాక ఈ సలహా ఇవ్వడం వ్యాఖ్యాతల కులధర్మం.

ఇక నాలుగో పాదం. కవి అసలు గుట్టంతా ఇక్కడే దాచాడు. జేసీబీ బకెట్‌తో మొద్దును పెకలిస్తే అదొక్కటే రాదు. మూరల లోతు ఎర్రమట్టి, గులకరాళ్లు పైకి వస్తాయి, తరాల పేడ తిన్న పైమట్టి గుంట అడుక్కి పోతుంది. ఆ చోట మొదటి ఏడాది పత్తి మొక్క మోకాలెత్తు దాటదు.

శంక: అయితే వదిలేయమంటారా?

సమాధానం: లెక్క చూడండి. పాత మామిడి పది మీటర్ల చదరం, ఎకరాకు నలభై. పామాయిల్ తొమ్మిది మీటర్ల త్రికోణం, ఎకరాకు 57. తాడు లాగి ముగ్గు పోస్తే ఈ రెండు గళ్లూ అన్నిచోట్లా కలవవు. కొత్త గుంట మీద పడ్డ మొద్దు, ట్రాక్టర్ సాలుకు అడ్డొచ్చే మొద్దు, కాండం తొలిచే పురుగు చేరిన మొద్దు, ఈ మూడూ పోవాల్సిందే. మిగతావాటికి బెజ్జాలు పెట్టి, యూరియా పోసి, పేడ కప్పి, తడి ఆరకుండా చూస్తే చెదలూ బూజూ గంట లెక్క అడగకుండా పని చేసుకుపోతాయి. మిర్చికో పత్తికో వెళ్లేవారికి ఈ సౌకర్యం లేదు, గొర్రు ప్రతి మొద్దుకూ తగులుకుంటుంది.

ఈ వైపు అడవి అంచున పోడు కొట్టిన కోయ పెద్దలు మొద్దులు పీకే పని పెట్టుకోలేదు. మొద్దుల సందుల్లోనే విత్తనం వేశారు, ఇప్పచెట్టు జోలికైతే అసలే పోలేదు. దీన్ని బద్ధకమన్న అధికారులు ఒకప్పుడు చాలామంది. కదలని వేళ్లే వాన నీటికి మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచాయని నా అభిప్రాయం.

సూరేకారం పోసి తగలబెట్టే పద్ధతి గురించి కవి మౌనం వహించాడు. కారణం ఊహ్యం. తునికాకు కోసే ఎండల్లో వేరులో రాజుకున్న నిప్పు రోజుల తరబడి మట్టి కింద నడుస్తుంది, ఎక్కడ తేలుతుందో తెలియదు. పక్కనే అడవి.

ఛందోవిశేషం

ఆటవెలది. మూడో పాదంలో గణం కోసం కవి 'జేసీబీ'లో రెండు దీర్ఘాలు కోశాడు, బిల్లులో మాత్రం ఏదీ తగ్గలేదు. నాలుగో పాదంలో యమకం. ఇక మొద్దు తీయించేవారికి ఒక మాట: గుంటలో పైమట్టి వేరుగా తీసి పెట్టి, చివర దాన్నే పైన పరిచి పూడ్చేదాకా పని అయినట్టు కాదని డ్రైవర్‌తో ముందే ఒప్పుకోవాలి. ఈ ముచ్చట పద్యంలో ఎక్కడా లేదు. ఆటవెలదికి ఐదో పాదం ఉంటే పట్టేది.