జీవో గారి పంచాంగం

ఉగాదికి పంచాంగ శ్రవణం ఒక్క పూటే. మా కాలనీలో జీవో గారి సెలవుల శ్రవణం మాత్రం డిసెంబరు పొడుగునా సాగుతుంది. హైదరాబాద్‌లోనే ఏదో సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు ఆయన. అసలు పేరు రేషన్ కార్డులో ఉండే ఉంటుంది, మేం మర్చిపోయాం. సెలవుల జీవో వెలువడగానే రెండు జిరాక్సులు తీయించి ఒకటి బీరువాలో, ఒకటి దేవుడి గూట్లో పెడతారు.

తెలంగాణ వచ్చాక బోనాలకు, బతుకమ్మకు సెలవులు చేరాయి. బోనాలు ఆదివారమైనా సెలవు సోమవారం ఇస్తారు. "పండగ అమ్మవారిది, సోమవారం మనది" అని మురిసిపోతారు. బతుకమ్మ దగ్గరే ఆయనకు గుండె మంట. పండగ మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మ 2023లో అక్టోబరు 14న, సరిగ్గా రెండో శనివారం నాడు పడింది. 2024లో గాంధీ జయంతి మీద పడింది. 2025లో ఆదివారం. "మూడేళ్లు! వరసగా మూడేళ్లు!" ఆస్తి తగాదాలో వాటా పోయినవాడి గొంతు. దానికి తోడు 2025లోనే దసరా కూడా గాంధీ జయంతి నాడే వచ్చింది. ఆ వారం ఆయనతో ఎవరూ మాట్లాడలేదు.

రేపు బ్యాంకు ఉంటుందా, బడి ఉంటుందా అని వీధంతా ఆయన్నే అడుగుతుంది. ఆఫీసుల సెలవు వేరు, బ్యాంకుల సెలవు వేరు, ఆప్షనల్ వేరు. ఆప్షనల్ అయితే ఏడాదికి అయిదే. వింటున్నవాడికి అప్పటికి తల తిరిగిపోయి, బ్యాంకుకు వెళ్లి తాళం చూసి రావడమే సులువనిపిస్తుంది. ఓసారి మా కిరాణా సేటు, సోమవారం కట్టాల్సిన హుండీకి సెలవు పుణ్యమా అని ఒకరోజు గడువు దొరికిందని సంబరపడ్డాడు. జీవో గారు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 25వ సెక్షన్ విప్పారు. గడువు రోజు సెలవైతే బాకీ వెనక్కి జరగదు, అంతకుముందు పనిదినానికే వచ్చి కూర్చుంటుంది. మధ్యలో ఆదివారం. అంటే శనివారమే కట్టాలి! సేటు కందిపప్పు తూకం మధ్యలోనే ఆపేశాడు.

సెలవుకు ఖర్చుంటుందంటే మాత్రం జీవో గారు ఒప్పుకోరు. "జీతం కోయరు కదండీ!" ఓ బోనాల సోమవారం ఆయన ఆఫీసు మీదుగా వెళ్తున్నాం. గేటు దగ్గర వికారాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన, చంకలో పాస్‌బుక్కు సంచి. ఆ రోజు కూలీ పోయింది, బస్సు చార్జీలు పోయాయి, మళ్లీ రావాలంటే ఇంకో రోజు కూలీ.

"నిన్ననే గద బోనాలు, సారూ?"

"జీవోలో స్పష్టంగా ఉంది పెద్దాయనా, సోమవారమని."

"మా ఊరికి బస్సే సక్కగ రాదు. జీవో యాడికెల్లి వస్తది?"

జీవో గారు ముసలాయనకు చాయ్ ఇప్పించారు. పాపం, మనసు మంచిదే.

ఓ ఏడాది జనవరి 1న సెలవిచ్చి, బదులుగా ఫిబ్రవరి రెండో శనివారం పని చెయ్యమంది సర్కారు. ఇచ్చిపుచ్చుకోవడంలో జీవో గారికి పుచ్చుకోవడమే వచ్చు. ఆ శనివారం నేనో కాగితం పట్టుకుని పనిమాలా వెళ్లాను. కుర్చీ వీపుకు తువ్వాలు ఉంది, మనిషి లేడు. "సార్ సీఎల్" అన్నాడు అటెండరు. ఆ సెక్షన్లో ఇంకో మూడు కుర్చీలదీ అదే సంగతి. ఫ్యాన్లు మాత్రం నాలుగూ తిరుగుతున్నాయి.

మొన్న సాయంత్రం 2026 పంచాంగంతో మా అరుగెక్కారు. మహాలయ అమావాస్య, అంటే ఎంగిలిపూల బతుకమ్మ, అక్టోబరు 10. వేళ్లు మడిచి లెక్క పెట్టారు. మళ్లీ పెట్టారు. నా చెయ్యి లాక్కుని నా వేళ్ల మీద కూడా లెక్కపెట్టారు.

రెండో శనివారం.

కాఫీ తాగకుండానే లేచి వెళ్లిపోయారు. పంచాంగం మా అరుగు మీదే ఉంది. ఇంతవరకూ తీసుకెళ్లలేదు.